నీళ్ళలో దారి

ఏటి ఒడ్డున ఒకప్పుడు నడక దారి ఉండేదంటే ఆ పేట పిల్లలు నమ్మేవారు కాదు. వరద వచ్చి సగం దారిని కోసుకుపోయింది. మిగిలిన సగాన్ని సర్కారు తుమ్మ మింగేసింది. ఆపైన పేట మొత్తం తన చెత్తనంతా తెచ్చి అక్కడే పోసింది. పగిలిన బేసిన్లు, తడిసి ఉబ్బిన పరుపులు, జత తప్పిన చెప్పులు, ఎవరింట్లోనో ఎవరూ చూడనప్పుడు విరిగిపోయిన టీవీ. ఏటి దాకా వెళ్ళాలంటే ముక్కు మూసుకుని, అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ వెళ్ళాలి. అంత అవస్థపడి ఏటిని చూడాల్సిన పని ఎవరికీ కనిపించలేదు.

కండక్టరమ్మకు కనిపించింది. రిటైరైన మర్నాటి నుంచి ఆమెకు ఇంట్లో కాలు నిలవడం లేదు. ఉద్యోగమంతా కదిలే బస్సులో నిలబడి చేసిన మనిషిని కదలని కుర్చీలో కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? పైగా డాక్టరు ఆమె మోకాళ్ళు నొక్కి చూసి, రోజూ నడవకపోతే పట్టేస్తాయని భయపెట్టాడు. రోడ్డు మీద నడవబోతే మోటారు సైకిళ్ళు మీదమీదకు వచ్చేవి. ఒకరోజు ఎవడో బండి మీద ఆమెను రాసుకుంటూ పోతూ "పక్కకు నడవ్వే ముసలమ్మా" అన్నాడు. వాడి అదృష్టం కొద్దీ సిగ్నల్ పచ్చగా ఉంది, బతికిపోయాడు. ఆ కోపం చల్లారక ముందే ఆమె ఇంటికొచ్చి మెట్ల కింద నుంచి కత్తి తీసింది.

"ఎవర్ని?" అన్నాడు భర్త, పేపరు దించకుండానే.

"తుమ్మకంపని. మీరూ లేవండి."

ఆయన లేచాడు. ఆయన అదే డిపోలో డ్రైవరుగా చేసినవాడు. ఇద్దరూ ఒకే బస్సు మీద పనిచేసి, ఆ బస్సులోనే ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఆమె రైట్ అంటే కదలడం, హోల్డాన్ అంటే ఆగడం ఆయనకు డ్యూటీలో మొదలై కాపురంలోకీ వచ్చేసింది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఒక్క యాక్సిడెంటు లేకుండా రిటైరయ్యాను, ఇంకేం కావాలి?" అనేవాడు.

మొదట్లో వాళ్ళిద్దర్నీ చూసి పేట నవ్వుకుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి కలిశారు. అందరికంటే ముందు వచ్చినాయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు. చెట్టు కనిపిస్తే మాట మధ్యలో వదిలేసి దాని దగ్గరికి వెళ్ళిపోయే మనిషి. ఆయన వెనక కళ్ళజోళ్ళ షాపావిడ వచ్చింది. షాపులో పొద్దస్తమానం సన్నటి మరలతో పనిచేసి చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయని, గునపం పట్టుకుంటే ప్రాణం లేచొచ్చిందని అనేది. ఆవిడ నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. ఆ ఇద్దరూ తలా పదిమందిని లాక్కొచ్చారు. ప్రతి ఆదివారం పొద్దున్నే పారలు, గంపలు, కత్తులు ఏటి ఒడ్డుకు చేరేవి. కంప కొట్టారు, మొదళ్ళతో సహా పెకలించారు. చెత్త బండికెత్తి పంపారు. వరద కోసుకుపోయిన చోట ఇసుక బస్తాలు పేర్చి, మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి దారి గట్టిపరిచారు.

నాటే మొక్కల దగ్గర మాత్రం మాస్టారు ఎవరి మాటా వినలేదు. ఎవరో ఉదారంగా లారీడు అలంకారపు మొక్కలు పంపిస్తానంటే, "వాటికి ఈ మట్టి తెలియదు, ఈ ఏరు తెలియదు. వరదొస్తే అవే ముందు పోతాయి" అని తిప్పికొట్టాడు. దారికి వెనక వరసలో కానుగ, నేరేడు, మద్ది వేయించాడు. నీటి అంచున మాత్రం ఏటిపాల. దాని పచ్చి కొమ్మ విరిచి తడి మట్టిలో గుచ్చితే చాలు, వేరు తొడుగుతుంది. ఆ వేళ్ళు ఒడ్డు మట్టిని పిడికిట పట్టినట్టు పట్టుకుంటాయి. ఎండాకాలం పొడుగునా బకెట్లతో నీళ్ళు మోసి మోసి కండక్టరమ్మ భుజాలు కాయలు కాశాయి.

వానలు వచ్చి వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. ఏటిపాలలు మనిషెత్తు దాటాయి. సాయంత్రమైతే పేట అంతా అక్కడే ఉండేది. ఆపరేషనైనవాళ్ళు మెల్లగా నడిచేవారు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఇంకా మెల్లగా నడిచేవారు. ఎక్కడినుంచి వచ్చాయో గాని నీటికోళ్ళు కూడా వచ్చాయి.

వాటితో పాటే హోటలు కూడా వచ్చింది.

అంటే, హోటలు అంతకుముందూ ఉంది. ఏరు మెలిక తిరిగే చోట, రోడ్డు వైపు ముఖం, ఏటి వైపు వీపు పెట్టుకుని ఉండేది. వంటింటి కిటికీలోంచి కూరగాయల తొక్కలు ఏటి మీదికి విసిరేవారు. ఇప్పుడు ఒడ్డు పచ్చబడేసరికి యజమాని వెనక గోడ పగలగొట్టించి, అద్దాలు పెట్టించి, నీళ్ళ వైపు పెద్ద వరండా కట్టించాడు. రోడ్డు వైపు ఉన్న బోర్డులో కూడా ఏటి బొమ్మ వేయించాడు.

ఒక ఉదయం మొగుడూ పెళ్ళాలు నడకకు వెళ్ళేసరికి మెలిక దగ్గర దారికి అడ్డంగా ఇనుప గేటు ఉంది. నల్లరంగు ఇంకా ఆరలేదు. చెయ్యి వేసిన కండక్టరమ్మకు అరచెయ్యి నల్లబడింది. హోటలు దాటాక అవతల కూడా అలాంటిదే ఇంకోటి కనిపించింది. రెండు గేట్ల మధ్యా ఉన్న ఏటిపాలలన్నీ నరికేసి ఉన్నాయి. వరండాలో కూర్చున్నవాళ్ళకు నీళ్ళు కనబడాలి కదా. నరికిన మొదళ్ళు తెల్లగా, తడిగా, వరసగా ఉన్నాయి. ఆమె గేటు ఊచల్లోంచి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆ లెక్క చూసి ఆయనకు భయమేసింది.

గేటు దగ్గర కొత్త యూనిఫాంలో కాపలావాడు నిలబడి ఉన్నాడు.

"లోపలికి రాకూడదమ్మా. హోటలు స్థలం."

"ఎప్పట్నుంచి నాయనా?"

"నన్ను నిన్నటి నుంచే పెట్టారమ్మా."

"నీ సంగతి కాదయ్యా. స్థలం సంగతి అడుగుతున్నాను."

"నాకేం తెలుసమ్మా. మేనేజరుగారు గేటు వేయమన్నారు, వేశాను. తాళం కూడా ఆయన దగ్గరే ఉంది."

మేనేజరుగారు ఎవరో కండక్టరమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె ఒక్కగానొక్క కూతురి మొగుడు.

ఆ సాయంత్రం కూతురూ అల్లుడూ ఇంటికి వచ్చారు. అల్లుడు చెడ్డవాడు కాదు. ప్లేట్లు తుడిచే పనిలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి మేనేజరైనవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి అత్తగారి ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్న పాపాన పోలేదు. ఆ రోజు మరీ అంచున, జారిపడతాడేమో అన్నట్టు కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, మీరు పెద్దవారు. ఎలా చెప్పాలో నోరు రావట్లేదు."

"కాఫీ చల్లారిపోతోంది అల్లుడుగారూ. తాగితే అదే వస్తుంది."

ఆయన ఒక గుక్క తాగాడు. "ఆ స్థలం తమదేనని మా సార్ అంటున్నారు. నీళ్ళ అంచు దాకా హద్దు ఉందంటున్నారు. మీరు మీ వాళ్ళకు నచ్చజెప్పి, రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళమంటే..."

"ఆ పరుపులూ బేసిన్లూ మేం ఎత్తి పోస్తున్నప్పుడు మీ సార్ ఒక్కసారైనా వచ్చి, ఇది నా స్థలం, నా చెత్త నేనే ఎత్తుకుంటానన్నాడా?"

అల్లుడు మళ్ళీ కప్పు అందుకున్నాడు. కూతురు ఊరుకోలేదు.

"అమ్మా, నడవడానికి నీకు ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేదా? అక్కడే నడవాలని పట్టా?"

"ఉంది. చాలా చోట్లుంది. అక్కడే నడుస్తాను."

"ఆయన ఉద్యోగం పోతుందే!"

"నీ మొగుడి ఉద్యోగం తీయమని నేననలేదు. గేటు తీయమన్నాను."

"రెండూ ఒకటేనని నీకు బాగా తెలుసు." కూతురు కప్పు బల్ల మీద పెట్టి లేచింది. "బస్సులో ఎవడు చిల్లర ఇవ్వకపోయినా గొంతు చించుకుని గెలిచేదానివి. ఇంట్లో కూడా నువ్వే గెలవాలి. పదండి పోదాం."

వాళ్ళు వెళ్ళాక ఆమె కప్పులు తీయలేదు. కూతురు అన్న మాట గుండెల్లో దిగింది. అందులో నిజం లేకపోతే అంత లోతుకు దిగేది కాదని ఆమెకు తెలుసు. ఆయనే లేచి కప్పులు కడిగి బోర్లించి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమంటారు?" అంది చివరికి.

"నువ్వింకా రైట్ అన్లేదు, హోల్డాన్ అన్లేదు. నేనేమంటాను?"

ఆమె నవ్వలేక నవ్వింది.

మర్నాటి నుంచి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలైంది. ఒక ఆఫీసు ఏరు మాదేగాని ఒడ్డు మాది కాదంది. ఇంకో ఆఫీసు ఒడ్డు మాదేగాని మెలిక ఎవరిదో చూడాలంది. మూడో చోట సర్వే చేయాలన్నారు, సర్వేయరు ఎప్పుడొస్తాడంటే పైకప్పు వైపు చూశారు. తిరిగి తిరిగి చెప్పులరగడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఆదివారం నాడు గేటుకు ఇవతల అందరూ పారలు కింద పడేసి కూర్చున్నారు. కళ్ళజోళ్ళ షాపావిడకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంతా చేసి వాళ్ళ వరండాకు తోట వేసిపెట్టామన్నమాట. ముందే తెలిస్తే ఆ పరుపులు అక్కడే ఉంచేదాన్ని."

"రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్దాం. మిగతా దారైనా కాపాడుకోవాలి కదా" అన్నాడు మాస్టారు. ఆ మాట మీద ఆయన గొంతుకే నమ్మకం లేదు.

ఎప్పుడూ మీటింగుల్లో మాట్లాడని డ్రైవరుగారు అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"రోడ్డు తవ్వేస్తే బస్సు షెడ్డులో పెట్టేస్తామా?"

అందరూ ఆయన వైపు చూశారు. కండక్టరమ్మ కూడా చూసింది.

"మరేం చేస్తాం?" అంది.

"డైవర్షను." ఆయన గడ్డంతో ఏటిని చూపించాడు. "గేటు ఒడ్డు మీద పెట్టాడు. నీళ్ళలో పెట్టలేదుగా."

ఎండాకాలం ఏరు. ఆ మెలిక దగ్గర అడుగంతా ఇసుక, నీళ్ళు మోకాళ్ళు దాటవు. ఆయన అప్పటికే కూర్చుని ప్యాంటు మడత పెడుతున్నాడు. కండక్టరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపింది. చెప్పులు చేత్తో పట్టుకుంది.

"రైట్" అంది.

ఆ గొంతు రద్దీ బస్సులో వెనక సీటు దాకా వినిపించిన గొంతు. ఏరు దాటి అవతలి ఒడ్డున గడ్డి మేస్తున్న మేకలు తలెత్తి చూశాయి. ఒకరి వెనక ఒకరు అందరూ నీళ్ళలోకి దిగారు.

హోటలు వరండాలో జనం తింటున్నారు. అద్దాల అవతల ఒక పెద్దాయన సూపు చెంచా నోటి దాకా తెచ్చి అక్కడే ఆపేశాడు. ఆయన కళ్ళ ముందు నుంచి, నరికిన మొదళ్ళ పక్కగా, మోకాలి లోతు నీళ్ళలో ఒక వరస కదిలిపోతోంది. ముందు నడుముకు చీర దోపుకున్న పెద్దావిడ, వెనక కళ్ళజోళ్ళు, బట్టతలలు, గంపలు, పారలు. ఎవరూ అరవలేదు, నినాదాలివ్వలేదు. నడిచారంతే. కళ్ళజోళ్ళ షాపావిడ మాత్రం వరండాలో తన షాపు జోడు పెట్టుకున్న ఒకాయన్ని గుర్తుపట్టి, "ఏమండీ, పవరు సరిపోయిందా? బాగా కనిపిస్తున్నామా?" అని కేకేసింది.

వరండాలో ఎవరో మేనేజరును పిలిచి అడిగారు. "ఇదేమైనా మీ హోటలు ప్రోగ్రామా?"

"కాదండీ," అన్నాడు అల్లుడు, రెయిలింగు గట్టిగా పట్టుకుని. "మా అత్తగారు."

మర్నాడు సాయంత్రం మళ్ళీ నడిచారు. ఆ మర్నాడూ నడిచారు. ఆదివారాలకు మాత్రమే వచ్చేవాళ్ళు రోజూ రావడం మొదలుపెట్టారు. అసలెప్పుడూ గంప ముట్టనివాళ్ళు కూడా ప్యాంట్లు మడుచుకుని వచ్చారు. కర్ర పట్టుకుని నడిచే ఒక ముసలాయన తనకు నీళ్ళలో నడిస్తే నొప్పి తెలియడం లేదని, గేటు తీసేసినా తాను ఇటే నడుస్తానని ప్రకటించాడు. వరండాలో తింటున్నవాళ్ళలో కొందరు చూపులు తిప్పుకున్నారు. ఇంకొందరు సంగతి కనుక్కుని, బిల్లు కట్టేసి, బూట్లు విప్పి చేత పట్టుకుని మెట్లు దిగి వచ్చి వరసలో కలిశారు.

యజమాని మొదట పాటలు పెద్దగా పెట్టించాడు. కండక్టరమ్మ ఆ పాటకే అడుగులు వేయించింది. తర్వాత పోలీసుల్ని పిలిపించాడు. ఎస్సై వచ్చి, ఒడ్డున నిలబడి వరసంతా దాటిపోయేదాకా చూసి, "నీళ్ళలో నడవకూడదని నాకు తెలిసిన ఏ చట్టంలోనూ లేదు సార్" అని వెళ్ళిపోయాడు. దాంతో యజమానికి తిక్క రేగింది. ఒక సాయంత్రం తనే వరండా చివరికి వచ్చాడు.

"ఏమ్మా, మీ అల్లుడు నా దగ్గర జీతం తీసుకుంటున్నాడని తెలుసా నీకు?"

కండక్టరమ్మ నీళ్ళలో నిలబడే తలెత్తి చూసింది. "ఆయన కష్టపడతాడు, మీరు జీతమిస్తారు. అందులో నేను నడవకూడదని ఎక్కడుంది?"

"నీ మొండితనం వల్ల ఆయన రోడ్డున పడతాడు."

ఆమె అల్లుడి వైపు చూసింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ క్షణం ఆమెకు వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. కూతురి ఇల్లు, ఆ ఇంట్లో పొదుపుగా కొనుక్కున్న ఒక్కో వస్తువూ కళ్ళ ముందు మెదిలాయి. వెనక వరస ఆగి ఆమె కోసం ఎదురుచూస్తోంది.

"రోడ్డు కూడా నడిచేవాళ్ళదేనండి," అంది. అని ముందుకు నడిచింది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు డ్రైవరుగారు ముందు నడిచాడు. ఆమెకు మోకాలు వాచి ఉంటే, నెమ్మదిగా వెనక రమ్మన్నాడు. ఎండ ఇంకా ఉంది, నీళ్ళు మెరుస్తున్నాయి. హోటలు సరిగ్గా ఎదుటికి వచ్చేసరికి ఆయన "హోల్డాన్!" అని అరిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. వరసంతా ఆగిపోయింది. ఆయన పక్కకు ఒరిగి నీళ్ళలో కూలబడ్డాడు. చుట్టూ నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

అడుగున ముళ్ళతీగ పరిచారు. చుట్టలు చుట్టలుగా, రాళ్ళు పెట్టి నొక్కి, పైకి కనబడకుండా. ఆయన కాలు అందులో దిగి మెలిపడింది. లాగుతున్నకొద్దీ పిక్క చీరుకుపోతోంది.

"ఎవరూ కదలకండి! అడుగు వేయకండి!" అని ఆ నొప్పిలోనూ వెనకవాళ్ళకు చెబుతున్నాడు. వెనక బండ్లున్నాయని మరిచిపోని డ్రైవరు ఆయన.

కండక్టరమ్మ తన మోకాలి వాపు మరిచిపోయి నీళ్ళను తోసుకుంటూ ఆయన దగ్గరికి వస్తోంది. ఆమె కంటే ముందు వరండా మీది నుంచి ఎవరో దూకారు. ఇస్త్రీ ప్యాంటుతో, బూట్లతో, టైతో అల్లుడు. చేతులు గీరుకుపోతున్నా చూసుకోకుండా తీగను విడదీసి, మామగారిని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. నీళ్ళలోంచి అంతదూరం మోసుకుపోవడం సాధ్యం కాదు. దగ్గర దారి హోటలు ముందున్న ఒడ్డే. గట్టెక్కి, గేటు దగ్గరికి వెళ్ళి, "తాళం నా జేబులో ఉంది, తియ్యి" అన్నాడు కాపలావాడితో. వాడు తాళం తీసి గేటు బార్లా తెరిచాడు. రోడ్డు మీదికి కారు తెమ్మని అల్లుడు అరుస్తున్నాడు.

వరండా మీది నుంచి యజమాని కూడా అరిచాడు. "వాళ్ళిద్దర్నీ బయటికి పంపి గేటు వెయ్యి!"

కాపలావాడు గేటు రెక్క మీద చెయ్యి వేశాడు. అప్పటికి కండక్టరమ్మ గట్టెక్కి గేటు మధ్యకు వచ్చింది. ఒకవైపు మొగుడు, నెత్తురోడుతున్న కాలు. ఇంకోవైపు తెరిచి ఉన్న గేటు. ఆమె ఆయన వెంట వెళ్తే ఆ రెక్కలు మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకోవు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయనకు అంతా అర్థమైంది.

"నువ్వుండు," అన్నాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "కాలెక్కడికీ పోదు. నా పక్కన అల్లుడున్నాడు."

"ఏమండీ..."

"ఉండమన్నానా!"

ఆమె జీవితంలో చేసిన పనులన్నిటిలో అదే కష్టమైంది. అల్లుడు ఆయన్ని మోసుకుని రోడ్డు వైపు పరిగెత్తుతుంటే, ఆమె తడిసిన చీరతో గేటు రెక్కల మధ్య నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు వెయ్యండి గేటు" అంది.

కాపలావాడు చెయ్యి తీసేశాడు. మాస్టారు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కళ్ళజోళ్ళ షాపావిడ ఏడుస్తూ, తిడుతూ, ముక్కు చీదుకుంటూ వచ్చి కూర్చుంది. వెనక నీళ్ళలో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే గట్టెక్కి వచ్చి నరికిన మొదళ్ళ మధ్య, దారి పొడుగునా కూర్చున్నారు. వరండాలో ఒక్క చెంచా చప్పుడు లేదు. యజమాని ఏదో అంటున్నాడు గాని ఎవరి చెవికీ ఎక్కలేదు. ఈసారి వచ్చిన ఎస్సై ఒడ్డున నిలబడలేదు. ప్యాంటు మడుచుకుని తనే నీళ్ళలోకి దిగి, ముళ్ళతీగ చుట్టలు బయటికి తీయించాడు.

తీగ ఎవరు వేశారని అడిగితే యజమాని ఏమాత్రం తడుముకోకుండా మేనేజరు పేరు చెప్పాడు. హోటల్లో ఏ పని జరిగినా అది మేనేజరు బాధ్యతేనట. అల్లుడు ఆస్పత్రి నుంచి వచ్చాక, నెత్తుటి మరకల చొక్కాతోనే ఎస్సై ముందు నిలబడి, ఆ పొద్దున స్టోర్లో తీగచుట్టలు కనబడకపోతే తాను అడిగాననీ, నీ పని నువ్వు చూసుకో అని యజమానే అన్నాడనీ చెప్పాడు. "ఎక్కడ వేశారో నాకు తెలియదు. తెలుసుకోవాలని గట్టిగా అడగలేదు కూడా. అది నా తప్పే," అన్నాడు. ఆ మాటతో ఆయన ఉద్యోగం పోయింది. ఆయన మాట నిజమేనని స్టోరు చూసేవాడు కూడా చెప్పాడు.

ఆస్పత్రిలో కూతురు తండ్రి మంచం పక్కన కూర్చుని ఉంది. తల్లి వస్తే లేవలేదు.

"నాన్న కాలు పోయేది. అయినా నువ్వక్కడే కూర్చున్నావు."

"కూర్చున్నాను," అంది కండక్టరమ్మ.

మంచానికి రెండో వైపు వెళ్ళి ఆయన అరికాలు పట్టుకుని నిమురుతూ కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకునే, "గేటుందా?" అని అడిగాడు. "తెరిచే ఉంది. మన వాళ్ళు కూర్చున్నారు" అంది. కూతురు లేచి బయటికి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర జనం వంతులు వేసుకుని కూర్చున్నారు. నీళ్ళలో ముళ్ళతీగ వేయడం, మనిషికి గాయం కావడం కేసయ్యేసరికి, పైకప్పులు చూసిన ఆఫీసులు ఇప్పుడు ఏటి వైపు చూడక తప్పలేదు. ఎప్పుడొస్తాడో తెలియని సర్వేయరు పొద్దున్నే గొలుసుతో దిగాడు. కొలిచి, హోటలు హద్దు వరండా మెట్ల దగ్గరే ఆగిపోయిందని రాళ్ళు పాతించాడు. గేట్లు రెండూ పీకి ట్రాక్టరులో వేసుకుపోయారు. యజమాని దాని మీద కోర్టుకెక్కాడు. ఆ కేసు నడుస్తూనే ఉంది. జనమూ నడుస్తూనే ఉన్నారు.

అల్లుడికి ఒక చిన్న క్యాంటీనులో పని దొరికింది. టై లేదు, గది లేదు, రోజంతా పొయ్యి పక్కనే నిలబడాలి. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కూతురు మాత్రం చాలాకాలం తల్లితో మాట్లాడలేదు. తండ్రికి కావలసినవి తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మం దాకా కూడా రాకుండా వెళ్ళిపోయేది. కండక్టరమ్మ బతిమాలలేదు. బతిమాలితే, తాను చేసింది తప్పని ఒప్పుకోమంటుంది. ఒప్పుకోవడానికి ఆమెకు తప్పు కనబడలేదు. నొప్పి మాత్రం ఉంది. ఆ రెండింటినీ కలిపి మోయడం ఆమె నేర్చుకుంది.

తొలకరి పడ్డాక హోటలు ముందు నరికిన చోట మళ్ళీ నాటే రోజు వచ్చింది. మాస్టారు పై ఒడ్డు ఏటిపాలల నుంచి పచ్చి కొమ్మలు కోయించి, తడి గోనెల్లో చుట్టి తెచ్చాడు. కొన్ని పాత మొదళ్ళు అప్పటికే చిగుళ్ళు పెట్టాయి. ఆయన వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మనుషుల్ని పలకరించడం మరిచిపోయాడు. డ్రైవరుగారు చేతికర్రతో కుంటుకుంటూ వచ్చి, గట్టు మీద కూర్చుని ఎవరు ఎక్కడ గుచ్చాలో చెబుతున్నాడు. కండక్టరమ్మ నీటి అంచున వంగి కొమ్మలు గుచ్చుతోంది.

"చెప్పులు తీసెయ్. జారిపడతావు."

తలెత్తితే ఎదురుగా కూతురు నిలబడి ఉంది. వెనక అల్లుడు, చేతిలో రెండు బకెట్లు. కండక్టరమ్మ చెప్పులు విప్పి గట్టు మీదికి విసిరింది. కూతురు పక్కన దిగి, ఒక కొమ్మ అందుకుని, కోపమంతా దాని మీద చూపిస్తున్నట్టు మట్టిలో గట్టిగా దింపింది.

"అంత లోతు అక్కర్లేదు" అంది తల్లి.

"నాకు తెలుసులే."

మధ్యాహ్నానికి హోటలు ముందంతా పూర్తయింది. అప్పటికీ గోనెల్లో కొమ్మలు మిగిలాయి. కండక్టరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఏటి పైవైపు చూసింది. దారి ఆగిపోయిన చోట నుంచి అవతల కంప, ఆ కంపలోంచి పైకి లేచిన పొడుగాటి గోడ. అక్కడి చెత్త ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

"అటు పోదాం" అంది.

కూతురు ఆ గోడ వైపు చూసి, తల్లి వైపు చూసి, నిట్టూర్చింది. "అదెవరిదో కనుక్కున్నావా?"

"లేదు."

"కనుక్కోవా?"

"వాళ్ళే వస్తారు చెప్పడానికి. అప్పటికి మన మొక్కలు నీడనివ్వాలి." కండక్టరమ్మ గోనె భుజాన వేసుకుంది. "ఆ గునపం అందుకో."